సరస్సు ఒకటి, శాఖలు మూడు: స్టార్మాంట్‌లో ప్రశ్న ఎక్కడ దారి తప్పుతుంది?

ఉత్తర ఐర్లాండ్ మ్యాపు తెరిస్తే నడిమధ్యలో పెద్ద నీలిమచ్చ కనిపిస్తుంది. అది లాక్ నే సరస్సు. విస్తీర్ణం 390 చదరపు కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. బ్రిటన్, ఐర్లాండ్ రెండింటిలోనూ ఇంతకు మించిన మంచినీటి సరస్సు లేదు. లోతు మాత్రం తక్కువ, సగటున 9 మీటర్లే. ఉత్తర ఐర్లాండ్ జనం తాగే నీళ్లలో దాదాపు 40 శాతం ఇక్కడి నుంచే వస్తాయి. 2023 వేసవిలో ఈ నీళ్ల మీద చిక్కటి పచ్చరంగు డబ్బాలకొద్దీ ఒలకబోసినట్టు నీలి ఆకుపచ్చ నాచు పరుచుకుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చినచోట మీగడలా పేరుకుని కంపు కొట్టింది. దిగువ బాన్ నది దాన్ని మోసుకెళ్లి ఉత్తర తీరంలోని పోర్ట్‌స్టూవర్ట్, కాసిల్‌రాక్ బీచ్‌ల దాకా చేర్చింది.

ఆ వేసవిలో ప్రభుత్వాన్ని అడగాల్సినవి ఎన్నో ఉన్నాయి. అడగడానికి స్టార్మాంట్, అంటే ఉత్తర ఐర్లాండ్ శాసనసభ, నడవడం లేదు, జవాబు చెప్పడానికి మంత్రీ లేడు.

బ్రెగ్జిట్ తర్వాతి సరకు రవాణా నిబంధనల మీద నిరసనగా 2022 ఫిబ్రవరిలో బ్రిటన్‌లోనే ఉండాలనే డీయూపీ పార్టీకి చెందిన ఫస్ట్ మినిస్టర్ (మన ముఖ్యమంత్రి లాంటి పదవి) పాల్ గివన్ రాజీనామా చేశారు. ఫస్ట్ మినిస్టర్, డిప్యూటీ ఫస్ట్ మినిస్టర్‌లలో ఒకరు దిగిపోతే రెండోవారి పదవీ పోతుంది. మేలో ఎన్నికలు జరిగినా కొత్త సభ స్పీకర్‌ను ఎన్నుకోలేకపోయింది. అక్టోబరు 28న ఆపద్ధర్మ మంత్రులు కూడా దిగిపోయారు. 2024 ఫిబ్రవరి 3న మిషెల్ ఓనీల్ ఫస్ట్ మినిస్టర్‌గా, ఎమ్మా లిటిల్ పెంగెల్లీ డిప్యూటీ ఫస్ట్ మినిస్టర్‌గా ప్రభుత్వం మళ్లీ ఏర్పడేదాకా శాఖలను కార్యదర్శులే నడిపారు. చట్టం వాళ్లకిచ్చిన అధికారం పరిమితం. కొత్త విధానం తేవడం వాళ్ల పని కాదు. లండన్ పార్లమెంటులో అడిగితే, అది స్టార్మాంట్‌కు బదలాయించిన అంశమన్న జవాబే వచ్చేది. పౌరుల చేతిలో మిగిలింది 2004 నాటి పర్యావరణ సమాచార నిబంధనల కింద దరఖాస్తు పెట్టుకోవడం. దానికి 20 పనిదినాల గడువు ఉంటుంది, పెద్ద సమాచారమైతే 40 దాకా పొడిగించవచ్చు. అలా వచ్చేది కాగితం మాత్రమే. ఫలానా మంత్రి, ఫలానా రోజున, ఫలానా మాట చెప్పారన్న రికార్డు సభలో అడిగితే తప్ప రాదు. ఆ తర్వాత మాట తప్పితే నిలదీయడానికి పనికొచ్చేది ఆ రికార్డే.

స్టార్మాంట్ సభలో 90 మంది సభ్యులు. 18 నియోజకవర్గాల నుంచి అయిదుగురు చొప్పున ఎన్నికవుతారు. వాళ్లనూ ఎమ్మెల్యేలనే పిలుస్తారు. హైదరాబాదు, అమరావతి సభల్లో నక్షత్రం గుర్తు ప్రశ్న, గుర్తులేని ప్రశ్న అన్న తేడా తెలిసినవారికి అక్కడి పద్ధతి కొత్తగా అనిపించదు, రెంటికీ పుట్టిల్లు బ్రిటిష్ పార్లమెంటే కాబట్టి. సోమ, మంగళవారాల్లో మధ్యాహ్నం రెండింటి నుంచి ప్రశ్నల సమయం. ఒక్కో మంత్రికి 45 నిమిషాలు. మొదటి 30 నిమిషాలు ముందుగా నోటీసు ఇచ్చిన ప్రశ్నలకు, చివరి 15 నిమిషాలు అప్పటికప్పుడు అడిగేవాటికి. అడిగే అవకాశం ఎవరిదన్నది కంప్యూటర్ లాటరీ తేలుస్తుంది. మంత్రి ఒక్కో జవాబుకు రెండు నిమిషాలు తీసుకోవచ్చు, స్పీకర్ అనుమతిస్తే మరో నిమిషం. ప్రశ్న వేసిన సభ్యుడికి ఒక అనుబంధ ప్రశ్న, ఆపైన స్పీకర్ పిలిచిన ఇతరులకు తలా ఒకటి. అరగంటలో జాబితా సగం కూడా దాటని రోజులు చాలా ఉంటాయి. పిలుపు రాని ప్రశ్నకు రాతపూర్వక జవాబే దిక్కు.

రాతపూర్వక ప్రశ్నకు 10 పనిదినాల గడువు, అత్యవసరమని గుర్తు పెట్టినదానికి 5. ప్రతి ప్రశ్నకూ ఒక నంబరు, ఆ నంబరు చివర సభ కాలం, అంటే 22-27 అని, ఉంటుంది. సభ వెబ్‌సైట్‌లో నంబరు కొడితే ప్రశ్న, జవాబు, తేదీలు మూడూ బయటికొస్తాయి. టీవీలో కనిపించేది సోమవారం మధ్యాహ్నపు వాగ్వాదమే. కానీ సేవల మీద, పర్యావరణం మీద అసలైన తవ్వకం జరిగేది ఈ రాతపూర్వక ప్రశ్నల్లో. రెండు నిమిషాల ప్రసంగంలో అంకె తప్పించుకోవడం తేలిక. కాగితం మీద పట్టిక అడిగితే, పట్టికైనా ఇవ్వాలి, ఎందుకివ్వలేరో అయినా రాయాలి.

సీట్ల లెక్క తెలియకపోతే ఈ సభ తీరు అర్థం కాదు. 2022 ఎన్నికల్లో ఐర్లాండ్‌తో కలవాలనే సిన్ ఫెయిన్‌కు 27, డీయూపీకి 25, ఏ వైపూ మొగ్గని అలయన్స్‌కు 17, డీయూపీలాగే బ్రిటన్ వైపున్న యూయూపీకి 9 వచ్చాయి. ఈ నాలుగూ ప్రభుత్వంలోనే ఉన్నాయి. మొత్తం 78. అధికారిక ప్రతిపక్షం ఎస్‌డీఎల్‌పీకి ఉన్నది 8 సీట్లు. ఇద్దరు స్వతంత్రులు, ఇంకో రెండు పార్టీలకు ఒక్కొక్కరు. అందువల్ల కరకు ప్రశ్నలు తరచూ ప్రభుత్వ పార్టీల బెంచీల మీంచే, తమ పార్టీది కాని శాఖ మీదకు వస్తాయి. తమ మంత్రి శాఖ జోలికి వెళ్లేటప్పుడు ఆ పదును తగ్గుతుంది. లాక్ నే విషయంలో ఇది ఎంత నష్టం చేస్తుందో చూడాలంటే సరస్సులోకి ఏం వస్తోందో చూడాలి.

నాచుకు మేత భాస్వరం. గుర్రపుడెక్క కమ్మేసిన చెరువును చూసినవారికి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. లాక్ నేలోకి చేరే భాస్వరంలో సుమారు 62 శాతం వ్యవసాయం నుంచి, 24 శాతం మురుగుశుద్ధి కేంద్రాల నుంచి, 12 శాతం ఇళ్ల సెప్టిక్ ట్యాంకుల నుంచి వస్తోందని అక్కడి ప్రభుత్వ శాస్త్రవేత్తల అంచనా. పశువులకు పెట్టే దాణాలో భాస్వరం ఉంటుంది. ఒంటికి పట్టనిది పేడలోకి పోతుంది. పేడ, మూత్రం, కడిగిన నీళ్లు కలిసిన స్లర్రీని పచ్చికబయళ్ల మీద చల్లుతారు. అక్టోబరు 15 నుంచి జనవరి 31 దాకా చల్లకూడదన్నది చట్టం, ఎందుకంటే చలికాలంలో గడ్డి ఎదగదు, వాన మాత్రం ఆగదు. కానీ నేలలో ఏళ్లుగా అవసరానికి మించి పేరుకున్న భాస్వరం ఏ నెలలో వాన పడినా వాగుల్లోకి జారుతుంది. ఇన్నేళ్లూ దిగిన పూడికలోనూ అది ఉంది. వేసవిలో అడుగునుంచి మళ్లీ నీళ్లలోకి వదులుతుంది. 1995 నుంచి సరస్సు నీరు సగటున ఒక డిగ్రీకి పైగా వేడెక్కింది. బయటి నుంచి వచ్చిపడ్డ జీబ్రా మస్సెల్ అనే చిన్న ఆల్చిప్పలు నీటిని వడగట్టి తేరుస్తున్నాయి. తేట నీళ్లు మంచివే అనిపిస్తుంది గాని, ఎండ ఎక్కువ లోతుకు దిగి నాచుకు బలమిస్తుంది.

ఇప్పుడు ఈ సరస్సు గురించి ఎవర్ని అడగాలి? స్లర్రీ నిబంధనలు, నీటి నాణ్యత, కాలుష్యం చేసినవారిపై చర్య వ్యవసాయ పర్యావరణ శాఖవి. కాలుష్యాన్ని పట్టుకోవాల్సిన పర్యావరణ ఏజెన్సీ కూడా స్వతంత్ర సంస్థ కాదు, ఆ శాఖలోని విభాగమే. మురుగుశుద్ధి చేసే, తాగునీరు ఇచ్చే ఎన్ఐ వాటర్ ప్రభుత్వ కంపెనీ, దానికి డబ్బిచ్చేది మౌలిక వసతుల శాఖ. టూమ్ అనే ఊరి దగ్గర తూములెత్తి సరస్సు మట్టాన్ని సరిచేసేదీ ఆ శాఖే. ఆ నీళ్లలో దిగొచ్చా, కుక్క తాగితే ప్రమాదమా అన్న సలహాలో ఆరోగ్య శాఖకు భాగం ఉంది. సరస్సు అడుగు నేల మాత్రం షాఫ్ట్స్‌బరీ ఎర్ల్ అనే బ్రిటిష్ ప్రభువు కుటుంబ ఎస్టేటు సొత్తు.

సభా నియమం ప్రకారం మంత్రిని ఆయన బాధ్యతలో ఉన్నదే అడగాలి. కాబట్టి ‘లాక్ నే సరస్సును కాపాడటానికి మంత్రి ఏం చేస్తున్నారు?’ అని పర్యావరణ మంత్రిని అడిగితే జవాబు ముందే తెలిసినట్టే. 2024 జులైలో మంత్రివర్గం ఆమోదించిన కార్యాచరణ ప్రణాళికలో 37 చర్యలున్నాయని, పని సాగుతోందని, మురుగు సంగతి మౌలిక వసతుల మంత్రిని అడగమని వస్తుంది. ఆ మంత్రిని అడిగితే ఎన్ఐ వాటర్ తనకిలా తెలిపిందంటూ ఒక పేరా, నిధుల కొరత మీద ఇంకో పేరా. రెండు జవాబుల్లోనూ అబద్ధం ఉండదు. రెంటినీ పక్కపక్కన పెట్టినా సరస్సు సంగతి తెలియదు.

ఆరితేరిన సభ్యులు దీన్ని విరగ్గొట్టి అడుగుతారు. ఒకే రోజు మూడు శాఖలకు మూడు ప్రశ్నలు, మూడింటిలోనూ ఒకే సరిహద్దు, ఒకే కాలం. సరిహద్దు అంటే సరస్సు నీళ్లు కాదు, దానిలోకి పారే అప్పర్ బాన్, బ్లాక్‌వాటర్, బాలిండెరీ, మొయోలా, మెయిన్, సిక్స్‌మైల్ వాటర్ నదుల పరివాహక ప్రాంతం. వాటిలో రెండు చూద్దాం. పర్యావరణ మంత్రికి ఇలా: ‘2019 నుంచి ఏటా, ఈ ఆరు నదుల్లో ఒక్కోదాని పరివాహక ప్రాంతంలో ఎన్ని కాలుష్య ఘటనలు నిర్ధారణ అయ్యాయి, వాటిలో వ్యవసాయం ఎన్ని, ఎన్‌ఐ వాటర్ ఎన్ని, ఎన్నింటిలో కేసు పెట్టారు, మొత్తం జరిమానా ఎంత?’ మౌలిక వసతుల మంత్రికి ఇలా: ‘ఇదే పరివాహక ప్రాంతంలో భాస్వరం తొలగించే యంత్రాంగం ఉన్న శుద్ధి కేంద్రాలు ఏవి, లేనివి ఏవి, 2021-27 పెట్టుబడి ప్రణాళికలో వాటికి కేటాయించిన పనుల్లో వాయిదా పడ్డవి ఏవి?’ ఈ జవాబులు ఒకదాని పక్కన ఒకటి పెడితే వాగుల వారీగా బొమ్మ తయారవుతుంది. ఏ పార్టీ మంత్రిదైనా సరే అన్ని వైపులకూ ఒకే కొలబద్ద వాడటం ఇందులో ముఖ్యం. ఒక పక్షం రైతునీ ఇంకో పక్షం మురుగునీ మాత్రమే అడుగుతూ పోతే 62 శాతానికీ 24 శాతానికీ మధ్య కొట్లాటగా మిగులుతుంది.

మురుగు గురించి అడిగేటప్పుడు తప్పనిసరిగా కలపాల్సిన ముక్క ఒకటుంది: ఈ అంకె కొలిచిందా, లెక్కగట్టిందా? పాత పట్టణాల్లో వాననీరు, మురుగు ఒకే గొట్టంలో పోతాయి. జోరువానకు గొట్టం నిండితే ఇళ్లలోకి ఎదురుతన్నకుండా పొర్లు ద్వారం గుండా శుద్ధి కాని నీరు వాగులోకి పోతుంది. ఇంగ్లండ్‌లో ఈ ద్వారాల దగ్గర మానిటర్లు పెట్టేశారు. ఉత్తర ఐర్లాండ్‌లో వాటి సంఖ్య చాలా తక్కువ కాబట్టి ఎంత పొర్లిందన్నది ఎక్కువగా కంప్యూటర్ నమూనా చెప్పే మాట. ఆ తేడా అడగకుండా రెండు ప్రాంతాల అంకెలు పోల్చినవారు తప్పు తీర్పు ఇచ్చినట్టే. ‘ఎన్ని ద్వారాలు, ఎన్నింటికి మానిటర్, మిగతావాటికి ఏ తేదీలోగా?’ అన్న చిన్న ప్రశ్న పెద్ద ప్రసంగం కంటే మేలు చేస్తుంది.

అంకె అడగకపోతే ఎంత నష్టమో ఉత్తర ఐర్లాండ్‌కు 2016లోనే తెలిసొచ్చింది. 2012 నవంబరులో ఆర్‌హెచ్‌ఐ (రెన్యూవబుల్ హీట్ ఇన్సెంటివ్) అనే పథకం మొదలైంది. చమురు మానేసి చెక్క గుళికల బాయిలర్ పెట్టుకున్న వ్యాపారులకు, పుట్టించిన వేడికి యూనిట్ చొప్పున ప్రోత్సాహకం. పర్యావరణానికి మేలు చేయాలన్నదే ఉద్దేశం. చిన్నస్థాయి వాణిజ్య బాయిలర్‌కు యూనిట్‌కు 5.9 పెన్నీలు ఇచ్చారు. లెక్కల్లో తీసుకున్న ఇంధన ఖర్చు యూనిట్‌కు 4.39 పెన్నీలు. అంటే కాల్చిన ప్రతి యూనిట్‌కూ ఒకటిన్నర పెన్నీ లాభం. 99 కిలోవాట్ల బాయిలర్‌ను ఏడాది పొడవునా ఆపకుండా కాలిస్తే, ఆ వేడి ఎవరికి పనికొచ్చినా రాకపోయినా, ఒక్క బాయిలర్ మీద సుమారు 13,000 పౌండ్లు మిగులుతాయి. బ్రిటన్‌లోని ఇలాంటి పథకంలో ఏడాదికి 1,314 గంటలు దాటాక రేటు బాగా తగ్గిపోయేది. ఉత్తర ఐర్లాండ్ పథకంలో ఆ మెట్టు పెట్టలేదు. 2015 నవంబరులో పెట్టబోతున్నారని తెలిసేసరికి దరఖాస్తులు వెల్లువెత్తాయి. గొడవ ముదిరి 2017 జనవరి 9న డిప్యూటీ ఫస్ట్ మినిస్టర్ మార్టిన్ మెగినెస్ రాజీనామా చేశారు, ప్రభుత్వం మూడేళ్లు లేకుండా పోయింది. 2020 మార్చిలో వచ్చిన విచారణ నివేదిక, దీనికి కారణం అవినీతి కాదని, తప్పు మీద తప్పు పేరుకుపోవడమని తేల్చింది.

ఆ తప్పును మొదటి ఏడాదిలోనే పట్టుకోవడానికి పెద్ద నిపుణత అవసరం లేదు. యూనిట్‌కు ఇచ్చేదెంత, యూనిట్‌కు అయ్యేదెంత అన్న రెండంకెల ప్రశ్న చాలు. హరిత పథకం అనగానే ఎంత మేలు జరుగుతుందని అడిగారే తప్ప, ఎవరి జేబులోకి ఎంత పోతుందని తగినంత మంది అడగలేదు.

సేవల ప్రశ్నల్లో ఎక్కువ చిక్కుముళ్లు ఆస్పత్రి వెయిటింగ్ లిస్టుల్లో ఉన్నాయి. 19 లక్షల జనాభాలో, స్పెషలిస్టును మొదటిసారి చూపించుకోవడానికి ఎదురుచూస్తున్న పేర్లు 2024లో 4 లక్షలు దాటాయి. వాటిలో దాదాపు సగం పేర్లు ఏడాదికి పైబడి ఎదురుచూస్తున్నవే. ఇక్కడ పేర్లంటే మనుషులు కాదు. గుండెకు, మోకాలికి రెండుచోట్ల ఎదురుచూసేవారు రెండుసార్లు లెక్కలోకి వస్తారు. ప్రశ్నలో ‘ఎంతమంది’ అని రాస్తే జవాబులో వచ్చేది ‘ఎన్ని నిరీక్షణలు’. అదీగాక 2023 నవంబరు నుంచి 2025 మే మధ్య ఆస్పత్రులను నడిపే అయిదు హెల్త్ ట్రస్టులూ దశలవారీగా ‘ఎన్‌కంపాస్’ అనే కొత్త కంప్యూటర్ రికార్డుల వ్యవస్థకు మారాయి. మారిన రోజుకు ముందు అంకె, తర్వాతి అంకె నేరుగా పోల్చదగ్గవి కావు. దీన్ని పట్టించుకోకుండా అయిదేళ్ల మొత్తం అడిగితే, పోల్చడానికి వీల్లేదన్న ఒక్క వాక్యంతో జవాబు ముగుస్తుంది. ట్రస్టు వారీగా, విభాగం వారీగా, ప్రతి మార్చి 31 నాటికి, ఆ ట్రస్టు కొత్త వ్యవస్థకు మారిన తేదీని కూడా చూపిస్తూ ఇవ్వమంటే తప్పించుకోవడం కష్టం. జాబితాలోంచి పోయిన పేర్లనూ విడిగా అడగాలి: చూపించుకున్నవారెందరు, ప్రైవేటుకు వెళ్లిపోయినవారెందరు, పిలిచినా రానందుకు తీసేసినవారెందరు, చనిపోయినవారెందరు? జాబితా తగ్గిందన్న మాట మంచివార్తో కాదో ఈ విడదీతే చెబుతుంది.

జవాబుల్లో మూడు మాటలు పదే పదే ఎదురవుతాయి. ఆ రూపంలో సమాచారం లేదన్నది మొదటిది. అలాగైతే ఏ రూపంలో ఉందో అడగటమే తర్వాతి ప్రశ్న. ఖర్చు విపరీతమన్నది రెండోది. అప్పుడు కాలాన్ని ఒక ఏడాదికో, ఒక ట్రస్టుకో కుదించి మళ్లీ పెట్టాలి. చాలామంది ఇక్కడే వదిలేస్తారు, అది పొరపాటు. ఫలానా నంబరు జవాబు చూడండన్నది మూడోది. దాన్ని తెరిచి చూస్తే కొన్నిసార్లు వేరే ప్రశ్నకు వేరే జవాబు ఉంటుంది. జవాబు బాగుందో లేదో స్పీకర్ తీర్పు చెప్పరు, నాణ్యతకు మంత్రిదే పూచీ. కాబట్టి తోవ కమిటీది.

ప్రతి శాఖకూ ఒక చట్టబద్ధ కమిటీ ఉంది. 1998 నాటి ఉత్తర ఐర్లాండ్ చట్టం 44వ సెక్షన్ ప్రకారం సాక్షులను పిలిపించే, పత్రాలు తెప్పించే అధికారం సభకుంది. కమిటీలు దాన్ని వాడుకోవచ్చు. సభలో రెండు నిమిషాల్లో జారిపోయేవాడు కమిటీ బల్ల ముందు గంటన్నర కూర్చోవాలి. పర్యావరణ అధికారి ఒక వారం, ఎన్‌ఐ వాటర్ అధికారి నెల తర్వాత వస్తే ఒకరిమీద ఒకరు చెప్పుకుని వెళ్లిపోతారు. ఇద్దరినీ ఒకే రోజు, ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి, ముందే తెప్పించుకున్న రాతపూర్వక జవాబుల పట్టిక ముందుపెట్టి అడిగితే పని జరుగుతుంది.

డెర్రీ నుంచి ఆక్నక్లోయ్ దాకా 85 కిలోమీటర్ల ఏ5 రోడ్డు సంగతి చూస్తే, వేయాల్సిన ప్రశ్న ఆలస్యమైతే ఏమవుతుందో తెలుస్తుంది. పాత రోడ్డు మీద 2006 నుంచి యాభైకి పైగా ప్రాణాలు పోయాయి. కొత్త రోడ్డు కావాలన్న ఆ కుటుంబాల మొర న్యాయమైనది. కానీ 2022 వాతావరణ మార్పు చట్టం ప్రకారం 2050కి నికర ఉద్గారాలు సున్నాకు, 2030కి 48 శాతం తగ్గుదలకు రావాలి. ఈ రోడ్డు ఆ లక్ష్యాలతో ఎలా పొసగుతుందో శాఖ చూపించలేకపోయిందని 2025 జూన్‌లో హైకోర్టు అనుమతిని కొట్టేసింది. ఎప్పుడు మొదలెడతారని అడిగినన్ని సార్లు, కర్బన లెక్క ఎక్కడుందని కూడా సభలో గట్టిగా అడిగి రాతపూర్వకంగా రాబట్టి ఉంటే, ఆ లోపం కోర్టు మెట్లెక్కకముందే దిద్దుకునే వీలుండేది.

లాక్ నే ప్రణాళికలోని 37 చర్యలకూ ఇదే వర్తిస్తుంది. పూర్తయినవి ఎన్ని అంటే, సమావేశం జరిపినా నివేదిక వేసినా పూర్తయినట్టే లెక్క. ఒక్కో చర్యకు మూడు విషయాలు అడగాలి: కేటాయించిన డబ్బెంత, ఖర్చయిందెంత, దాని వల్ల ఏ నదిలో భాస్వరం ఎంత తగ్గాలని అంచనా? 2025లో స్లర్రీ, ఎరువుల కొత్త నిబంధనల ముసాయిదా బయటికి రాగానే రైతు సంఘాలు గట్టిగా ఎదురుతిరిగాయి. అదే ఏడాది చేపల నాణ్యత బాగాలేక సరస్సులో ఈల్ (పాములా పొడవుగా ఉండే చేప) వేట ఆగిపోయింది, తరాలుగా దాని మీదే బతికిన కుటుంబాలు పడవలు ఒడ్డుకు చేర్చుకున్నాయి. రైతు ఖర్చు ఎంతో అడిగే సభ్యుడికీ, జాలరి నష్టం ఎంతో అడిగే సభ్యుడికీ కావాల్సిన పట్టిక ఒక్కటే: ఆరు నదుల్లో ప్రతి నెలా కొలిచిన కరిగిన భాస్వరం, లీటరుకు ఎన్ని మైక్రోగ్రాములు, ఏ స్టేషన్ దగ్గర, ఏ తేదీన. అది ప్రతి ఏప్రిల్‌లోనూ అదే మాటలతో మళ్లీ అడిగితే 2027లో ఈ సభ కాలం ముగిసేలోపు పోల్చి చూసుకునే వరుస చేతిలో ఉంటుంది.